పొగ కుండ

మా అవ్వ తిట్లలో అన్నిటికంటే ఘాటైంది "పందికొక్కు". నేను రెండోసారి నెయ్యి అడిగినా పందికొక్కే, చిన్నాయన పగలు పదింటిదాకా మంచం దిగకపోయినా పందికొక్కే. చింతపండు తూచేటప్పుడు తక్కెడకు వేలు ఆనించే కొట్టాయన కూడా, అటు తిరిగాక, పందికొక్కే. ఊళ్ళో ఈ తిట్టు అందరూ వాడేవాళ్ళు గానీ మా అవ్వ నోట్లో దానికి వేరే బరువుండేది. ఆమెకు అసలు పందికొక్కుతోనే ఏళ్ళ తరబడి వైరం మరి.

బుచ్చిరెడ్డిపాళేనికి దగ్గర్లో, కనిగిరి రిజర్వాయరు కాలవ కింద ఉన్న ఊరు మాది. (ఇది ప్రకాశం జిల్లా కనిగిరి కాదు. ఈ మాట నేను జీవితంలో వందసార్లు చెప్పుంటాను.) ఇంటి వెనక అరవై అంకణాల దొడ్డి. మా వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే మొత్తం సుమారు పది సెంట్లు. నాయన పొలంలో ఎన్ని పుట్లు పండించినా అవ్వకు లెక్కలేదు, ఆమె లోకమంతా ఆ పది సెంట్లే. వంగ, బెండ, గోరుచిక్కుడు, వాకిలి వైపు పందిరి మీద సొరపాదు, స్నానాల నీళ్ళు పోయే కాలవ పక్కన అరటి, దాని నీడలో చామగడ్డలు, ఎండ బాగా తగిలేచోట నాలుగు బోదెల గెనుసుగడ్డలు. గుంటూరు వైపు వాళ్ళు చిలగడదుంపలంటారు కదా, అవే. కూరగాయలు కొనడం అంటే అవ్వ దృష్టిలో ఇంటి పరువు పోవడమే. ఉర్లగడ్డలు తప్ప వేరే ఏదీ సంచిలో ఇంటికి వచ్చేది కాదు.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మా జిల్లాను కుదిపేసింది. నేను ఆరో తరగతి. మా పొలాల్లో నీళ్ళు రోజుల తరబడి నిలబడ్డాయి. గెనాల్లో, అంటే పొలం గట్లలో, కాపురాలుండే ఎలుకలూ పందికొక్కులూ నీళ్ళకు తట్టుకోలేక, మెరక వెతుక్కుంటూ ఊరి మీద పడ్డాయి. మా వీధిలో అందరికంటే మెరక మా దొడ్డి.

ఆ సంగతి మాకు సంక్రాంతి దాకా తెలియలేదు. భోగి ముందురోజు గెనుసుగడ్డలు తవ్వుదామని అవ్వ గడ్డపార పట్టుకుని, నన్ను బుట్ట పట్టుకోమంది. తీగ ఎంత పచ్చగా ఉందంటే బోదె కనపడటం లేదు. అవ్వ సంబరంగా మొదటి పోటు వేసి మట్టి పెళ్లగించింది. గడ్డ కనపడింది, ఎర్రగా, నా మోచెయ్యంత. లాగితే చేతిలోకి దొప్ప వచ్చింది. పైన తోలు, పక్కన అర అంగుళం గుజ్జు, లోపలంతా ఖాళీ. ఆ ఖాళీ గోడల మీద రెండేసి గాట్లు జంటగా, సన్న ఉలితో చెక్కినట్టు వరసగా ఉన్నాయి. రెండో గడ్డా అంతే, మూడోదీ అంతే. ఒక బోదె మొత్తం తవ్వితే బుట్ట అడుగు కూడా నిండలేదు. అవ్వ దొప్పను అటూ ఇటూ తిప్పి చూసి, నేలకేసి కొట్టి, "కింద నుంచి తిన్నాయి చూడు, పైన ఆకు కూడా ముట్టకుండా" అంది. ఆ గొంతులో కోపంతో పాటు కాస్త ఆశ్చర్యం కూడా ఉన్నట్టు నాకు గుర్తు.

తర్వాత వరసగా బయటపడ్డాయి. అరటి పిలకలు మొదట్లో కొరికేసి పడున్నాయి. చామగడ్డల మడిలో నాలుగు చోట్ల కొత్త మట్టి కుప్పలు. వంగ మొక్కలు పగలు తలలు వాల్చేస్తే నీళ్ళు చాలలేదనుకున్నాం, పీకి చూస్తే వేళ్ళ కింద సొరంగం. అన్నిటికంటే ఘోరం, తూర్పు వైపు మట్టిగోడ ఒక రాత్రి చడీ చప్పుడూ లేకుండా రెండు గజాల మేర కూలిపోయింది. పునాది కింద మట్టంతా అవే లాగేసుకున్నాయి.

రాత్రిళ్ళు చప్పుడు వినపడేది. పందిలాగే గురగుర. తెలుగువాడు పేరు ఊరికే పెట్టలేదు. ఈ మన పందికొక్కు మాటనే ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయి బాండికూట్ చేసుకున్నారని, ఆస్ట్రేలియాలో సంచిలో పిల్లల్ని మోసే ఇంకేదో జంతువుకు కూడా ఆ పేరే తగిలించారని చాలా ఏళ్ళ తర్వాత చదివి, అవ్వకు చెప్పడానికి ఆమె లేదే అనుకున్నాను. చెప్పినా "వాళ్ళ దొడ్లో కూడా పడ్డాయా" అనేదేమో.

ఇక మా ప్రయత్నాలు. చిన్నాయన నీళ్ళు పోస్తానన్నాడు. బావిలోంచి చేది చేది ఒక బొక్కలో నలభై బిందెలు పోశాడు. బొక్క నిండలేదు, పందికొక్కు రాలేదు, మధ్యాహ్నానికి పక్కింటి వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కన నేల చెమ్మగిల్లి కుంగింది. వాళ్ళతో మాటలు ఉగాది దాకా లేవు. తర్వాత సీసా పెంకులు మట్టిలో కలిపి బొక్కల్లో కూరాము, చిల్లకంప కుక్కాము. అవి దాన్ని వదిలేసి జానెడు పక్కన ఇంకోటి తవ్వాయి. ఎండుమిరపకాయల పొగ పెడితే ముందు మేమే దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాం. వీధికుక్క ఒకటి మా తిండి తిని పెరిగింది, దానికి ఒకరోజు పందికొక్కు ఎదురుపడింది. వీపు మీది బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఇంతది అంత కనపడేసరికి, కుక్క ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు వెళ్ళిపోయింది.

అప్పుడు నాయన మందు తెచ్చాడు. జింక్ ఫాస్ఫైడ్. బూడిద నలుపు పొడి, పొట్లం విప్పితే తెల్లగడ్డల వాసన. కడుపులోకి పోయాక అక్కడి పులుపుతో కలిసి విషవాయువు పుడుతుంది, అదీ దాని పని. ఈ మందుకు ఒక పద్ధతి ఉంది. ముందు రెండు రోజులు ఒట్టి నూకలే నూనె పట్టించి పెట్టి అలవాటు చెయ్యాలి. మూడోరోజు నూటికి రెండు పాళ్ళు మందు కలపాలి, అదీ చేత్తో కాకుండా పుల్లతో. ఈ జాతికి కొత్త వస్తువంటే మహా అనుమానం. కాస్త రుచి చూసి కడుపులో తేడా కొడితే మళ్ళీ నెలల తరబడి ఆ ఎరను ముట్టవు. మా నాయనకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా, కోతల హడావిడిలో ఉండి, మొదటిరోజే మందు కలిపి పెట్టేశాడు. పొద్దున మిగిలింది ఎత్తి పూడ్చడం కూడా మర్చిపోయాడు.

పందికొక్కు ఒక్కటి చచ్చింది. అవ్వ కోళ్ళు మూడు చచ్చాయి. అందులో ఒకటి పొదుగుతున్న పెట్ట. అవ్వ నాయనను ఏమీ అనలేదు, పందికొక్కు అని కూడా అనలేదు. గుడ్లు తీసి నీళ్ళలో వేసి చూసి, బయట పారేసి వచ్చి, "ఇంకెప్పుడన్నా ఆ పొడి ఈ గడప దాటిందంటే నేను చిన్నోడింటికి పోతా" అంది. చిన్నాయన ఆ ఇంట్లోనే ఉండేవాడు. అయినా ఎవరూ నవ్వలేదు.

"కట్టమీదాయన్ని పిలవండి" అని చివరికి ఆమే అంది.

కాలవకట్ట మీద యానాదుల గుడిసెలు పది దాకా ఉండేవి. యానాదులంటే మా జిల్లాలోని ఒక గిరిజన తెగ. వాళ్ళలో ఒక పెద్దాయన ఎలుకలు పట్టడంలో దిట్ట. పైరు పొట్టకొచ్చే వేళ రైతులు ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేవాళ్ళు. నేను ఇక్కడ "ఆయన" అని రాస్తున్నాను గానీ అప్పుడు అనలేదు. ఊళ్ళో నా ఈడు పిల్లలం కూడా ఆ ముసలాయన్ని పేరు పెట్టి "ఏరా" అనే పిలిచేవాళ్ళం. నెల్లూరు జిల్లా యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు మా నాయన ఎంతో గౌరవంగా తలిచేవాడు. అదే నాయన ఆ పెద్దాయనకు మంచినీళ్ళు దొడ్డి గుమ్మం బయట, దోసిట్లో పోయించేవాడు.

సాయంత్రం వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. దొడ్డంతా ఒకసారి తిరిగాడు, ఎక్కడ బొక్క కనపడితే అక్కడ కాలితో మట్టి తోసి, మడమతో అదిమి మూసేశాడు. పద్నాలుగు బొక్కలు. నేను వెనకాలే తిరుగుతూ లెక్కపెట్టాను. మూసి, "రేపు పొద్దున వస్తా పెద్దమ్మా" అని వెళ్ళిపోయాడు. ఇదేం పనని నాయన గొణిగాడు.

తెల్లారి చూస్తే పద్నాలుగులో మూడే తెరుచుకున్నాయి. మేము మందూ నీళ్ళూ పెంకులూ పోసింది చాలావరకు ఖాళీ కొంపల్లో అన్నమాట.

ఈసారి భార్యతో వచ్చాడు. ఆమె దగ్గర గునపం, ఆయన చంకలో ఒక కుండ. మామూలు నల్లకుండే, అడుగున బొటనవేలు పట్టేంత చిల్లి ఉంది. దాన్నిండా పచ్చీ ఎండూ కలిసిన గడ్డి కూరి, పైన పిడక నిప్పు పెట్టాడు. మొదట మట్టి కుప్పలున్న బొక్క జోలికి పోలేదు. "మన్ను పోసిన కాడ అది ఉండదబ్బయా, మన్ను లేని కాడ చూడు, ఆడి నుంచి పోద్ది" అన్నాడు నాతో. నిజమే, మంచె కింద చీపురుతో ఊడ్చినట్టున్న నేలలో, పల్చటి మట్టిపొర వెనక, ఒక రహస్యపు కన్నం ఉంది. దాని మీద ఎవరో ఒకరు రోజూ నిలబడే వాళ్ళం. భార్య అక్కడ కూర్చుని, కన్నానికి వల సంచి పట్టింది.

కుండ మూతిని పెద్ద బొక్కకు బోర్లించి, చుట్టూ తడిమట్టి మెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని, అడుగు చిల్లికి నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య మొహం పక్కకు తిప్పి గాలి పీల్చుకోవడం, మళ్ళీ ఊదడం. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మల్లెపొద మొదట్లోంచి సన్నగా పొగ లేచింది. ఆ వెనకే కట్టెల మోపుల్లోంచి. ఆ తర్వాత, మేమెవరం ఊహించని చోట, గొడ్లకొట్టంలో గాడి కింద నుంచి. ఆవు బెదిరి పలుపు తెంపుకున్నంత పని చేసింది. మా దొడ్డి కింద ఇంకో ఊరుందని, దాని వీధులు ఎటెటు పోతాయో పొగ గీసి చూపించింది. పొమ్మనలేక పొగబెట్టడం అనే మాట నేను బళ్ళో నేర్చుకోక ముందే కళ్ళారా చూశాను.

మూడు పందికొక్కులు సంచిలో పడ్డాయి. ఒకటి నా కాళ్ళ సందులోంచి పోయింది, దాని గురించి ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

తర్వాత తవ్వకం. ఇది చూడటానికి సగం వీధి వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే వేళాకోళంగా అంటాం గానీ, మా దొడ్లో ఆరోజు జరిగింది అచ్చంగా అదే. రెండడుగుల లోతున సొరంగం చీలింది. ఒక వైపు గడ్డీ అరటి పీచూ చింపి పరిచిన గూడు, వేడిగా ఉంది. ఇంకో వైపు కొట్టు గది. గుమ్మడికాయంత ఖాళీలో వేరుశనగకాయలు, వరి కంకులు, గెనుసుగడ్డ ముక్కలు. కంకులు ఎంత తీరుగా పేర్చి ఉన్నాయంటే కాడలన్నీ ఒకే వైపున్నాయి. రెండు రకాలుంటాయట వీటిలో. ఇళ్ళ చుట్టూ మురుగు కాలవల దగ్గర తిరిగే పెద్దది ఒకటి, పొలాల్లో ఉండి బొక్క మూతి మట్టితో మూసుకుని ధాన్యం దాచుకునే చిన్నది ఒకటి. మావి ఈ రెండోవి. మా వైపు రెండింటినీ పందికొక్కే అంటారు.

వేరుశనగకాయలు అటక మీద బస్తాలోవి. విత్తనానికి దాచినవి. అవ్వ గుర్తుపట్టి చాట తెచ్చి, ఎత్తబోయింది. పెద్దాయన గునపం ఆనుకుని నిలబడి, మెల్లిగా, "బొక్కలోది మాదే గదా పెద్దమ్మా" అన్నాడు. పొలంలో ఎలుక బొక్క తవ్వితే దొరికిన వడ్లు పట్టినవాళ్ళవే, అది ఆచారం. అవ్వకు తెలుసు. కానీ ఇవి పొలంలోవి కాదు, తన అటక మీదివి. చాట పట్టుకుని అట్లాగే కాసేపు నిలబడింది. తర్వాత చాటలో ఎత్తినవి ఆయన భార్య కొంగులో పోసింది. లోపలికి పోయి మానికెడు బియ్యం కూడా తెచ్చి పోసింది. "మొలగొలుకులు" అని కూడా చెప్పింది, ఏ బియ్యం పోస్తున్నదీ వాళ్ళకు తెలియాలని. గొప్ప కోసం చెప్పిందో మర్యాదకు చెప్పిందో నాకు ఇప్పటికీ తేలలేదు. మంచినీళ్ళు మాత్రం ఆరోజూ గుమ్మం బయటే పోశారు.

పోయేముందు ఆయన చెప్పినవన్నీ అవ్వ చేయించింది. కట్టెల మోపులు గోడ పక్క నుంచి తీసి, రాళ్ళ మీద ఎత్తుగా పేర్పించింది. స్నానాల కాలవకు అడుగున నాపరాళ్ళు పరిపించింది. మడుల మధ్య గట్లు జానెడు వెడల్పుకు చెక్కించింది, సన్న గట్టులో అది ఇల్లు కట్టలేదు. గెనుసుగడ్డలు ఊరగానే తవ్వేయడం, పండక్కని నేలలో దాచి ఉంచడం మానేసింది. ఆయన వెదురు విల్లుతో బిగించే బుట్టలు నాలుగు అల్లి ఇచ్చాడు. లోపల ఎర వాసనకు తల పెట్టగానే వెదురు ఊడి నారతాడు బిగుసుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు, కోతలయ్యి పొలంలో తిండి లేనప్పుడొకసారి, ఎడగారు పంట అయ్యాక ఒకసారి, పొగ కుండతో వచ్చేవాడు. దొడ్లో జెర్రిపోతు కనపడితే చంపొద్దని చెప్పాడు. అవ్వ దానికి ఒప్పుకుంది గానీ, నాలుగు రోజులు దొడ్లోకి లాంతరు లేకుండా పోలేదు.

వినాయక చవితినాడు నేను అడిగాను, ఎలుక దేవుడి వాహనం కదా, పట్టిస్తే పాపం కాదా అని. "ఎలుక వాహనం. పందికొక్కు కాదు. బొజ్జ చూసి నువ్వే చెప్పు, ఏది ఎక్కితే ఏది మోస్తదో" అని ఉండ్రాళ్ళు చెయ్యడంలో పడింది. ఈ జవాబులో తర్కం ఎటు పోతుందో నేను చాలా రోజులు ఆలోచించాను.

అవ్వ పోయింది. ఆ పెద్దాయనా పోయాడు, ఎప్పుడో కూడా మాకు కబురు లేదు. కాలవకట్ట వెడల్పు చేసినప్పుడు గుడిసెలు తీసేశారు.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది చూడండి, అప్పటికి నేను నెల్లూరు ఊరి చివర ఒక లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని, వెనకాల పద్దెనిమిది అంకణాల్లో వంకాయలూ చామగడ్డలూ పెట్టుకున్నాను. నీళ్ళు తీసిన వారానికి చామగడ్డల మడిలో కొత్త మట్టి కుప్ప. చూడగానే కడుపులో అదోరకమైన టెన్షన్, దాంతోపాటు చుట్టాన్ని చూసినట్టు ఒక సంతోషం. నాకు తెలిసిన విద్యంతా చూపించాను. మడి చుట్టూ అడుగున్నర లోతు కందకం తీయించి, అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ దించి, అడుగున అర అడుగు బయటి వైపుకు వంచాను. తవ్వుకుంటూ వచ్చింది ఆ వంపు తగిలి ఆగిపోవాలి. కోళ్ళ వల వెయ్యబోతే మా తమ్ముడే వద్దన్నాడు, రెండేళ్ళకు తుప్పు పడుతుంది, ఈలోగా కొరికేస్తాయి కూడా అని. ఖర్చు చూసి మా ఆవిడ "ఆ డబ్బుతో పదేళ్ళు వంకాయలు కొనుక్కోవచ్చు" అంది. నేను అవ్వ మనవణ్ణి, జవాబు చెప్పలేదు.

మెష్ లోపలికి రాలేదు గానీ అవి మెష్ బయట, ప్రహరీ గోడ కింద కాపురం పెట్టాయి. గోడ కూలితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తమ్ముణ్ణి అడిగితే ఒక నంబరు ఇచ్చాడు. ఆ పెద్దాయన మనవడట, రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తున్నాడు. ఫోన్ చేశాను. మా ఊరి పేరు, దొడ్డి, గొడ్లకొట్టం గాడి కింద పొగ, అన్నీ చెప్పాను. అటు నుంచి నవ్వు వినిపించింది. "మా తాత చెప్పేవాడు సార్, గాడి కింద పొగ సంగతి" అన్నాడు. "ఆయన్ని అప్పుడు మేము..." అని ఏదో మొదలుపెట్టాను. ఏమనాలో తెలియక ఆపేశాను. అతను కూడా కాసేపు ఏమీ అనలేదు. గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

"నాకు ఆదివారం దాకా కుదరదు సార్. ఈలోపు ఒక పని చెయ్యండి. సాయంత్రం బొక్కలన్నీ..."

"కాలితో మూసెయ్యాలి."

"ఆ. పొద్దున ఎన్ని తెరుచుకున్నాయో లెక్కబెట్టి ఫోన్ చెయ్యండి."

ఆ సాయంత్రం గోడ వెంట తొమ్మిది బొక్కలు మూశాను. యాభై ఏళ్ళ మోకాళ్ళు, మడమతో అదమడం అనుకున్నంత సులువేం కాదు. రాత్రి రెండుసార్లు టార్చి పట్టుకుని లేవబోతే మా ఆవిడ పడుకోమని కసిరింది. తెల్లారి పళ్ళు కూడా తోముకోకుండా వెళ్ళి చూశాను. తొమ్మిదిలో రెండు తెరిచి ఉన్నాయి. మూడోది, నేను నిన్న చూడనే చూడనిది, మెట్ల కింద, చెత్త ఊడ్చి పెట్టినట్టున్న చోట ఉంది. దాని ముందు మట్టి లేదు.

ఆరున్నరయింది. లేచుంటాడా అనుకుంటూనే ఫోన్ చేశాను.